ఇంత పెద్ద బహుమతి, ఇంత చిన్న బుడతడికి!

డిసెంబరు వచ్చేసరికి మా ఉత్తరాల సంచిలో జ్వరాలు, దగ్గుల మధ్య కార్లు, ఆటవంటిళ్ళు, ఏనుగంత టెడ్డీబేర్లు కూడా వచ్చి దూరతాయి. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు పెద్ద సైజు క్రిస్మస్ బహుమతులు ఇవ్వడం గురించి ఈసారి ఎక్కువమంది అడిగారు. కొందరికి జవాబు కాస్త పెద్దదయింది, కొందరికి రెండు ముక్కలే. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

సందేహం: మా పాపకి జనవరిలో రెండేళ్ళు నిండుతాయి. క్రిస్మస్‌కి చెక్క ఆటవంటిల్లు కొన్నాం. స్టవ్వు, సింకు, ఓవెన్ తలుపు అన్నీ ఉన్నాయి. డబ్బా గరాజ్‌లో ఉంది, నా నడుం దాకా వస్తుంది. డబ్బాకే రంగుకాగితం చుట్టి పాప చేత విప్పించాలని మావారు. ముందే బిగించి పెడదామని నేను. అత్తయ్యగారు, మావయ్యగారు ఇండియా నుంచి వీడియోలో చూస్తామంటున్నారు. ఎలా చేస్తే బాగుంటుంది?
*– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్*

బిగించే పెట్టండమ్మా. ఆ డబ్బాలో వంటిల్లు ఉందని మీకు తెలుసు, పాపకి తెలియదు. విప్పితే ఆమెకి కనబడేవి నాలుగైదు పలకలు, స్క్రూల పొట్లం, సూచనల కాగితం పట్టుకుని చిరాకు పడుతున్న నాన్న. "ఆగు తల్లీ, సాయంత్రానికి తయారవుతుంది" అంటే ఆ వయసుకి అది జవాబు కాదు. చూసిన వస్తువు చూసిన క్షణాన చేతికి అందాలి, ఆడుకోవడానికి సిద్ధంగా ఉండాలి. పెద్ద బహుమతుల విషయంలో నేను పట్టుబట్టేది ఈ ఒక్క సంగతికే.

ఆ పని మాత్రం 24వ తేదీ రాత్రికి పెట్టుకోకండి. చర్చి నుంచి వచ్చి, పిల్లని పడుకోబెట్టి, పదకొండింటికి మొదలుపెడితే, ఒక బోల్టు తక్కువైందన్న సంగతి అర్ధరాత్రి దాటాక తెలుస్తుంది. అప్పటికి షాపులుండవు. పండక్కి ముందు వచ్చే వారాంతంలో గరాజ్‌లోనే బిగించేయండి. ఇలాంటివి చాలావాటికి గోడకి బిగించే పట్టీ ఒకటి డబ్బాలోనే వస్తుంది. అందరూ పక్కన పడేసేది దాన్నే. పాప చేసే మొదటి పనుల్లో ఓవెన్ తలుపు తెరిచి దాని మీద కాలు పెట్టడం తప్పకుండా ఉంటుంది, వంటిల్లు ముందుకి ఒరుగుతుంది. బట్టల డ్రెస్సర్లు పిల్లల మీద పడకుండా అమెరికాలో 2023 సెప్టెంబరు నుంచి గట్టి నిబంధన అమల్లోకి వచ్చింది కానీ, అది బట్టలు పెట్టుకునే ఫర్నిచర్‌కే. ఆటవంటింటికి వర్తించదు. కాబట్టి హాల్లోకి తెచ్చిన రాత్రే పట్టీ బిగించేయండి. డబ్బాలో లేకపోతే విడిగా కొనండి.

ఇక చుట్టడం. మూడడుగుల వస్తువుకి కాగితం చుట్టాలంటే నాలుగు రోల్స్, రెండు టేపులు, ఒక గొడవ. మీ ఇంట్లో ఉన్న పాత దుప్పటి కప్పండి, చాలు. కాగితం మీద టేపు గీకడం రెండేళ్ళ వేళ్ళకి కష్టం. అదే దుప్పటి కొస పట్టుకుని లాగితే ఊడి వచ్చేస్తుంది, "నేనే తీశాను" అన్న సంబరం ఆమెకి మిగులుతుంది. మీరు పక్కనే ఉండి, ఊడిన దుప్పటిని వెంటనే తీసేయండి, తలమీద కప్పేసుకోకుండా. అందం కోసం పొడుగు రిబ్బను కడితే, పాప లేచేలోపు విప్పేయండి. మెడకి చుట్టుకునేవేవీ ఆ దగ్గర్లో ఉండకూడదు.

స్టవ్వు మీద ఒక చిన్న గిన్నె, ఒక గరిటె, రెండు కూరగాయల బొమ్మలు పెట్టండి. దాంతోపాటు ముప్ఫై ముక్కల తిండి సెట్టు కూడా కొని ఉంటే, అది అలమారలోనే ఉండనివ్వండి. అన్నీ ఒకేసారి పరిస్తే పాప వాటిని నేలమీద కుప్ప పోసి వెళ్ళిపోతుంది. గిన్నె, గరిటె మీ వంటింట్లోవే అయితే మరీ మంచిది. రోజూ అమ్మ చేతిలో చూసే స్టీలు గరిటె తనకి దొరికితే ఆ పిల్ల ఇంకేమీ అడగదు.

మీవారి సరదా కూడా తీర్చవచ్చు. ఖాళీ అయిన అట్టపెట్టెలోంచి పిన్నులు, థర్మాకోల్, ప్లాస్టిక్ కవర్లు, సిలికా జెల్ పొట్లాలు అన్నీ ఏరి పారేసి, లోపల ఒక బంతి పెట్టి, పైన కాగితం చుట్టి ఆయన చేతే ఇప్పించండి. కాగితానికి ముందే చిన్న చిరుగు పెడితే మిగతాది పాప చూసుకుంటుంది. అట్టపెట్టెని తక్కువ చూడకండి. న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో ఉన్న జాతీయ బొమ్మల గౌరవ మందిరంలో 2005లో దానికీ స్థానం ఇచ్చారు.

వీడియో సంగతి. మీకు ఉదయం 8 అయితే ఇక్కడ సాయంత్రం 7.30, ఇబ్బందేమీ లేదు. అయితే దుప్పటి లాగే ముందే ఫోన్ కలపకండి. "ఇటు చూడు బంగారం, నానమ్మకి హాయ్ చెప్పు, నచ్చిందా చెప్పు" అని మూడు వైపుల నుంచి అరిస్తే పాప వంటింటిని వదిలేసి మీ ఒళ్ళో దూరుతుంది. పావుగంట ఆడుకోనివ్వండి. తర్వాత కలిపితే, నానమ్మకి ఖాళీ కప్పులో టీ పోసి ఇచ్చే మనవరాలు కనబడుతుంది.

సందేహం: మా మనవడికి 20 నెలలు. పెద్ద బ్యాటరీ జీపు ఒకటి చూశాను. 12 వోల్టులది, లైట్లు, పాటలు, పెద్దవాళ్ళు నడిపే రిమోటు కూడా ఉంది. పండగ ఆరాధన అయ్యాక బంధువులందరి ముందు ఇద్దామని నా కోరిక. కోడలు వద్దంటోంది. ఒక్కగానొక్క మనవడు. మీరేమంటారు?
*– ఒక తాతగారు, గుంటూరు*

తాతగారూ, కోడలు వైపే మాట్లాడుతున్నానని కోప్పడకండి. ఇరవై నెలల పిల్లాడికి ఇప్పుడిప్పుడే కాళ్ళు వశమై పరుగు వస్తోంది. ఆ వయసులో వాడికి కావలసింది కాళ్ళతో నెట్టే పని. బ్యాటరీ జీపులో కూర్చున్నవాడికి పెడల్ నొక్కి, స్టీరింగ్ తిప్పుతూ, ఎదురుగా చూసుకోవడం మూడూ ఒకేసారి కుదరవు. అందుకే రిమోటు మీ చేతికి వస్తుంది. అప్పుడు ఆడుకునేది మీరు, వాడు ప్రయాణికుడు.

పెట్టె మీద ఏ వయసుకి అని రాశారో చూడండి. 12 వోల్టులవి చాలావరకు మూడేళ్ళు దాటినవాళ్ళకే. పైగా ఇంటి ముందు వీధిలో స్కూటర్లు, ఆటోలు తిరుగుతుంటే దాన్ని నడిపే చోటు ఎక్కడుంది? అపార్టుమెంటు సెల్లార్లో అయితే కార్లు వెనక్కి తీసేటప్పుడు అంత కిందనున్న పిల్లాడు డ్రైవరుకి కనబడడు. ఇంకొకటి, మన దేశంలో 2021 జనవరి 1 నుంచి దాదాపు బొమ్మలన్నింటికీ ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కరెంటు, బ్యాటరీతో నడిచే బొమ్మలకు ఐఎస్ 15644 అనే ప్రమాణం వేరే ఉంది. దుకాణంవాడు "అన్నీ ఉంటాయి సార్" అంటాడు. పెట్టె తిప్పి మీరే చూడండి.

బదులుగా కాళ్ళతో నెట్టుకునే కారు కొనండి. అమెరికాలో పసుపు పైకప్పు ఎర్రకారు, కోజీ కూప్, 1979 నుంచి అమ్ముడవుతోంది. దానికి మోటారు లేదు, ఏడాదిన్నర నుంచి పిల్లలు కాళ్ళతో తోసుకుంటారు. మన దగ్గరా ఆ రకంవి దొరుకుతాయి. జీపు ఖర్చులో చిన్న భాగమే అవుతుంది. మిగిలిన డబ్బు వాడికి మూడేళ్ళు దాటాక వచ్చే క్రిస్మస్‌కి దాచుకోండి, జీపు ఎక్కడికీ పోదు.

ఇచ్చే తీరు గురించి ఒక మాట. చర్చి నుంచి వచ్చిన పిల్లాడు కొత్త బట్టలు గుచ్చుకుంటూ, కేకు తిని, నిద్ర వేళ దాటి ఉంటాడు. ఇరవైమంది చుట్టూ చేరి హారను మోగిస్తూ ఎక్కిస్తే ఏడుస్తాడు, మీకు మొహం చిన్నబోతుంది. మధ్యాహ్నం నిద్ర లేచాక, వరండాలో కారు ఊరికే పెట్టి మీరు పక్కన కూర్చోండి. వాడు ఎక్కకపోవచ్చు. తలుపు తెరిచి, మూసి, తెరిచి, మీ చెప్పు ఒకటి సీటు మీద పెట్టి చూస్తాడు. చక్రం కింద ఏముందని వంగుతాడు. అదంతా ఆటే. ఎత్తి కూర్చోబెట్టకండి. వాడే ఎక్కుతాడు, ఆ రోజు కాకపోతే మర్నాడు.

సందేహం: మా తమ్ముడు బాబుకి ముందుగానే క్రిస్మస్ కానుకగా ఐదడుగుల టెడ్డీబేర్ పంపాడు. బాబుకి 15 నెలలు. చూడగానే గుక్కపెట్టి ఏడ్చాడు, ఇప్పుడు హాల్లోకే రావట్లేదు. మొన్న కేరల్స్‌కి వచ్చిన క్రిస్మస్ తాతని చూసీ అంతే. భయస్తుడైపోతాడేమో అని బెంగగా ఉంది. టెడ్డీని అలవాటు చేయాలా, తీసేయాలా?
*– ఒక తల్లి, మియాపూర్, హైదరాబాద్*

మీ బాబు పొడుగు సుమారు 78, 80 సెంటీమీటర్లు ఉంటుంది. టెడ్డీ 150. అంటే వాడికి దాదాపు రెట్టింపు, పైగా కళ్ళార్పకుండా వాడినే చూస్తోంది. మీ ఇంట్లో సోఫాలో పదకొండడుగుల మనిషి మాట్లాడకుండా కూర్చుని ఉంటే మీరు మాత్రం హాల్లోకి వెళ్తారా? ఈ వయసుకి కొత్త మొహాల జంకు మామూలే, పిరికితనం కాదు. ఇక మన కేరల్స్ సంగతి తెలిసిందేగా. రాత్రి పదకొండింటికి డప్పులతో లేపి, కదలని ప్లాస్టిక్ మొహంతో ఎర్రకోటువాడు ఎగురుతూ మీదకొస్తే ఎవరైనా ఏడుస్తారు. వచ్చే ఏడాది ఆ కుర్రాళ్ళకి ముందే చెప్పండి, మీ గుమ్మంలో మాస్కు పైకెత్తి నవ్వి, మళ్ళీ దించుకోమని.

టెడ్డీని వెళ్ళగొట్టక్కర్లేదు. ఈ రాత్రికే దాన్ని పడుకోబెట్టి, మొహం గోడవైపు తిప్పి, సోఫా వెనక్కి తోయండి, ఒక కాలు మాత్రమే కనబడేలా. రెండు మూడు రోజులు దాని ఊసెత్తకండి. తర్వాత మీరు నేలమీద కూర్చుని, దాని పొట్టకి ఆనుకుని ఏదో పుస్తకం తిరగేస్తూ ఉండండి. "రా, ఏం చేయదు, పట్టుకో" అని చెయ్యి లాగి అంటించడం, ఏడుస్తుంటే నవ్వుతూ ఫోన్‌లో తీయడం, ఈ రెండూ అసలు వద్దు. మీ ఒళ్ళోకి వచ్చే దారిలో వాడే దాని కాలు తొక్కుతాడు. ఆ తర్వాత వారంలో దాని మీదెక్కి దూకుతుంటాడు, చూడండి.

అలవాటయ్యాక కూడా ఉయ్యాల మంచంలో మాత్రం పెట్టకండి. దాన్నే మెట్టుగా చేసుకుని కమ్మీ దాటేస్తారు. కళ్ళు, ముక్కు ప్లాస్టిక్ గుండీలైతే గట్టిగా లాగి చూడండి, ఊడేలా ఉంటే మీరే తీసేసి దారంతో కుట్టండి. మీ తమ్ముడికి ఏమీ చెప్పకండి ఇప్పుడే. ఫోటో పంపే రోజు త్వరలోనే వస్తుంది.

సందేహం: బాబుకి 19 నెలలు. రెండు పడకగదుల అపార్టుమెంటు. మా అన్నయ్యవాళ్ళు జారుడుబల్ల, మా ఆడపడుచు చెక్కగుర్రం, స్నేహితులు డేరా, ఇంకొకరు బ్లాకుల బల్ల పంపారు. మేం కొన్నది వేరే. అన్నీ చెట్టు కింద పెడితే మేం నిలబడే చోటు లేదు. అన్నీ అదే రోజు విప్పకపోతే వాళ్ళు నొచ్చుకుంటారేమో?
*– ఒక దంపతులు, ఎడిసన్, న్యూజెర్సీ*

నొచ్చుకునేది పెద్దవాళ్ళు, తికమకపడేది మీ బాబు. ఒహాయో రాష్ట్రంలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ వయసు పిల్లలు 36 మందిని ఒకసారి 4 బొమ్మలున్న గదిలో, ఒకసారి 16 బొమ్మలున్న గదిలో ఆడుకోనిచ్చి చూశారు. ఆ ఫలితం 2018లో అచ్చయింది. బొమ్మలు తక్కువ ఉన్నప్పుడే పిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు.

తెలుగువాళ్ళకి ఇక్కడొక సౌకర్యం ఉంది, వాడుకోండి. క్రిస్మస్‌కి ఒకటి, కొత్త సంవత్సరానికి ఒకటి, సంక్రాంతికి ఒకటి. మూడు వారాల్లో మూడు పండగలు అవుతాయి. జారుడుబల్ల వసంతం వరకు ఆపి, బయటికి తీసుకెళ్ళగలిగినప్పుడు ఇవ్వండి. పై అంతస్తులో దాన్ని బిగిస్తే కింది ఇంటివాళ్ళు తలుపు తడతారు. ఎవరి వస్తువు ఎప్పుడు విప్పితే అప్పుడు వాళ్ళకి బాబు ఆడుకుంటున్న చిన్న వీడియో పంపండి. పండగరోజు వందల ఫోటోల్లో కొట్టుకుపోయేదానికంటే జనవరిలో విడిగా వచ్చిన వీడియోని మీ ఆడపడుచు నాలుగుసార్లు చూసుకుంటుంది. వచ్చే ఏడాదికి మాత్రం నవంబరులోనే నోరు విప్పండి: "అందరూ కలిసి ఒకటే పెద్దది కొనండి" అని. చోటు లేదని చెప్పడం మర్యాద తక్కువ కాదు. రెండు ఒకే రకంవి వస్తే గిఫ్ట్ రిసీట్‌తో ఒకటి మార్చుకోండి, మొహమాటం వద్దు.

దాచమన్నాను కదా అని, ప్లాస్టిక్ కవరుతో సహా బీరువా మీదకి ఎక్కించి, "పాడు చేస్తాడు, పెద్దయ్యాక ఇద్దాం" అని పిల్లాడు హైస్కూలుకి వెళ్ళేదాకా ఉంచే మన అలవాటుకి దిగకండి. ఆ గుర్రం మీద వాడు కూర్చోగలిగేది మహా అయితే రెండేళ్ళు.

సందేహం: చిన్నవాడికి రెండేళ్ళు, మూడు చక్రాల సైకిల్ కొన్నాం. పెద్దవాడికి ఐదేళ్ళు, వాడికి పుస్తకాలు, రంగుపెన్సిళ్ళు. తమ్ముడిది పెద్దదని గొడవ చేస్తాడా?
*– ఏలూరు నుంచి ఒక తండ్రి*

చేస్తాడు. ఐదేళ్ళవాడికి సైజు లెక్క బాగా వచ్చు, రెండేళ్ళవాడికే రాదు. అందుకని పెద్దవాడిని ముందు రోజే మీ జట్టులో కలుపుకోండి. సైకిలు దాచే చోటు వాడినే వెతకమనండి, హ్యాండిల్‌కి బెలూను వాడే కట్టాలి, తెల్లారి తమ్ముడిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదీ వాడే. గాలి తీసిన బెలూను, పగిలిన ముక్క మాత్రం చిన్నవాడి చేతికి చిక్కకుండా చూసుకోండి. గొంతుకి అడ్డం పడేవాటిలో అది మహా చెడ్డది.

సందేహం: ఇక్కడ క్రిస్మస్ ఎండాకాలంలో వస్తుంది కదా, పెరట్లో ట్రాంపొలిన్ పెట్టించి రెండున్నరేళ్ళ పాపని ఆశ్చర్యపరుద్దామనుకుంటున్నాం. చుట్టూ వల ఉన్నదే.
*– మెల్‌బోర్న్ నుంచి*

వద్దు. ఆరేళ్ళలోపు పిల్లలు ట్రాంపొలిన్ ఎక్కకూడదనేది అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఎప్పటినుంచో చెబుతున్న మాట. వల బయటికి పడకుండా ఆపుతుంది. పెద్దపిల్లలు కలిసి గెంతినప్పుడు పైకి ఎగిరి చేతులు, కాళ్ళు విరిగేది వల లోపలే. ఇసుక బల్ల గానీ నీళ్ళ బల్ల గానీ పెట్టండి. నీళ్ళు ఒకటి రెండు అంగుళాలు చాలు, పెద్దవాళ్ళొకరు పక్కనే ఉండాలి, ఆట అవగానే ఒలకబోయాలి. నీడలో పెట్టండి. మీ డిసెంబరు ఎండకి ప్లాస్టిక్ కూడా చురుక్కుమంటుంది.

సందేహం: మా చెల్లి కూతురికి పది నెలలు. చక్రాల వాకర్ కొని క్రిస్మస్‌కి ఇద్దామని. త్వరగా నడుస్తుందట.
*– ఖమ్మం నుంచి ఒక పెద్దమ్మ*

నడవదు. వాకర్‌లో మునివేళ్ళతో తోసుకోవడమే తప్ప నిలబడే పట్టు రాదు. మెట్ల దగ్గరికి, పొయ్యి దగ్గరికి క్షణంలో చేరిపోతుంది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. మన పాత మూడు చక్రాల చెక్క నడకబండి కొనండి. వెనక నిలబడి తోసుకుంటూ నడుస్తుంది, ఆగాలంటే తనే ఆగుతుంది. మొదట్లో మీరో చెయ్యి వేసి, బండి జారిపోకుండా పట్టుకోవాలి.

సందేహం: క్రిస్మస్‌కి న్యూజెర్సీలో కూతురింటికి వెళ్తున్నాను. మనవరాలికి ఏడాదిన్నర. మా ఊరి పక్క ఏటికొప్పాక నుంచి ఏదైనా పెద్ద చెక్కబొమ్మ తీసుకెళ్ళాలని ఉంది. విమానంలో ఎలా?
*– ఒక అమ్మమ్మగారు, అనకాపల్లి జిల్లా*

అమ్మమ్మగారూ, ఏటికొప్పాక నుంచి అనగానే ప్రాణం లేచి వచ్చింది. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే పెద్దది మాత్రం వద్దు. అమెరికా విమానాల్లో మామూలుగా పెట్టె ఒకటికి 23 కిలోలు, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు. అది దాటితే కట్టే అదనపు రుసుముతో అక్కడే రెండు గుర్రాలు వస్తాయి. పెద్ద వస్తువు అక్కడ మీ అమ్మాయి చేత తెప్పించి, దాని మీద మీ చేత్తో తెచ్చిన బొమ్మ పెట్టి ఇవ్వండి.

ఏది కొన్నా మూడేళ్ళలోపు పిల్లకి కాబట్టి సైజు చూడండి. సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే ముక్క ఏదైనా మింగే ప్రమాదం ఉన్నట్టే లెక్క. చిన్న లక్కపిడతలు, బుల్లి బొంగరాలు అందుకే వద్దు. లాక్కుంటూ తిరిగే చక్రాల బొమ్మ ఉంటే తీసుకోండి. తాడు పొడుగ్గా ఉంటే జానెడు ఉంచి కత్తిరించి ముడి వేయండి. పండక్కి పాటలు పాడే గ్రీటింగు కార్డులు, మినుకుమినుకుమనే చిన్న కొవ్వొత్తి లైట్లు అమ్ముతారు, సరదాపడి అవి మాత్రం పెట్టెలో వేసుకోకండి. వాటిలో గుండీ బ్యాటరీలుంటాయి. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. కూతురింట్లో అలాంటివి ఇప్పటికే ఉంటే చెట్టు పైకొమ్మలకి కట్టమనండి. మింగిందన్న అనుమానం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలని వాళ్ళకీ చెప్పండి. బొమ్మని రెండు పాత నూలు చీరల మధ్య చుట్టి పెట్టెలో నడిమధ్యన పెట్టుకోండి. చీరలు అక్కడ దుప్పటికీ పనికొస్తాయి.